సింగడికి ఇన్సూరెన్స్: మూడు కోట్లు వచ్చాయి, ఏది తీసుకోను?

పావని_ఎడ్మంటన్
సెప్టెంబర్‌లో గుంటూరు నుంచి మా కుక్క సింగడిని తెచ్చుకున్నాం. వీధిలో పుట్టినవాడు. రెండున్నరేళ్లు. ఒంటి మీద జుట్టు అరంగుళం కూడా ఉండదు. వాడికిది మొదటి చలికాలం. మొన్న మంగళవారం మైనస్ 31 ఉంటే, తప్పదు కదా అని బయటికి తీసుకెళ్లాను. పది నిమిషాలు కూడా నడవలేదు. ఒక కాలు ఎత్తాడు, ఇంకో కాలు ఎత్తాడు, ఎత్తడానికి కాళ్లు అయిపోయాక మంచులో కూలబడ్డాడు. ఇరవై రెండు కిలోలవాణ్ణి చంకనేసుకుని ఇంటికొచ్చాను. వెట్ చూసి, అరికాళ్లు పగిలాయి, పగుళ్లలోకి రోడ్డు మీది ఉప్పు దిగింది అన్నారు. కడిగి, పూత రాసి 186 డాలర్లు తీసుకున్నారు.

బిల్లుతో పాటు కౌంటర్ దగ్గరమ్మాయి ఇన్సూరెన్స్ కాగితం ఒకటి చేతిలో పెట్టింది. ఆ రాత్రే మూడు కంపెనీల నుంచి కోట్లు, అంటే నెలకి ఎంత కట్టాలో ధరలు, తెప్పించాను. నెలకి 24 డాలర్లది ప్రమాదాలకి మాత్రమే, జబ్బు చేస్తే పైసా ఇవ్వరు. 71 డాలర్లది ప్రమాదాలకీ జబ్బులకీ రెండిటికీ. ఏడాదికి 500 డిడక్టబుల్, అంటే ముందు అంత మన జేబులోంచి పోవాలి, ఆ పైన 80 శాతం వాళ్లిస్తారు, ఏడాది మొత్తం మీద పదివేలు దాటకూడదు. 96 డాలర్లదాంట్లో 90 శాతం ఇస్తారు, పరిమితి లేదు. కానీ డిడక్టబుల్ 300 ఒక్కో జబ్బుకి విడివిడిగా.

మా ఆయన "ఊళ్లో మా నాన్నకే ఇన్సూరెన్స్ లేదు, కుక్కకా" అని ఒక్క మాట అనేసి మళ్లీ క్రికెట్‌లోకి వెళ్లిపోయారు.

నాకు రెండు సందేహాలు. చలి వల్ల వచ్చేవాటికి అసలు డబ్బులిస్తారా, లేక "ఎడ్మంటన్‌లో చలి ఉంటుందని తెలియదా" అని తిప్పి పంపిస్తారా? రెండోది, ముగ్గురూ పాత వైద్యం కాగితాలు అడిగారు. గుంటూరు డాక్టరు గారు రాసిన పసుపు పుస్తకం ఉంది. అందులో టీకాలతో పాటు నిరుడు వచ్చిన టిక్ ఫీవర్, ప్లేట్‌లెట్లు పడిపోవడం, 28 రోజులు డాక్సీసైక్లిన్ వాడటం అన్నీ ఉన్నాయి. అది చూపిస్తే కొంప మునుగుతుందా?

పెసరట్టు77
మూడు కోట్లు అని చూసి లాటరీ తగిలిందేమో, మాకూ పంచుతారేమో అని ఆశగా వచ్చా.

సింగడు అద్దంకి పోనూ పోయాడు రానూ వచ్చాడు అనేవారు. మీవాడు అద్దంకి దాటి ఎడ్మంటనే వచ్చేశాడు.

గోదారోడు
ఆ కోట్లేవో ఆపి ముందు వాడికో మంచి కోటు కొనండి.

విన్నిపెగ్_మావయ్య
అమ్మా పావనీ, పందొమ్మిదేళ్లుగా విన్నిపెగ్‌లో ఉంటున్నా. రెండో కుక్క నడుస్తోంది. మనుషులకైతే ప్రభుత్వ హెల్త్ కార్డు గీకితే డాక్టరు చూస్తాడు, ఆపరేషన్ చేస్తాడు, బిల్లన్నది కంటికి కనపడదు. అందుకే ఈ దేశంలో మనం చూసే మొదటి ఆసుపత్రి బిల్లు కుక్కదే అవుతుంది. గుండె ఆగినంత పనవుతుంది.

మా లాబ్రడార్ బుజ్జికి నాలుగో ఏట ఏం జరిగిందో చెప్తా. జనవరి. వెనక డెక్‌కి నాలుగంటే నాలుగు మెట్లు. పగలు కాస్త కరిగి రాత్రికి గట్టిపడిన మంచు. ఉడతని చూసి ఉరికింది. చివరి మెట్టు మీద వెనక కాలు జారి కేర్‌మంది. పొద్దున్నకి ఆ కాలు నేల మీద పెట్టడం లేదు. మోకాలి లిగమెంట్ తెగిందన్నారు. టీపీఎల్‌ఓ అనే ఆపరేషన్, అంటే ఎముక కోసి కోణం మార్చి ప్లేటు వేస్తారు. 5,800 డాలర్లు. మా పాలసీలో డిడక్టబుల్ 300, ఆ పైన 80 శాతం. చేతికి 4,400 వచ్చాయి. నాకు పడింది 1,400.

అక్కడితో అయిపోలేదు. పై ఏడాది రెండో కాలు. నలభై నుంచి అరవై శాతం కుక్కలకి రెండోది కూడా తెగుతుందట. ముందే చెబితే మెట్ల మీద కార్పెట్ వేసేవాణ్ణి. రెండూ పాలసీ తీసుకున్నాక జరిగినవే కాబట్టి రెండోదానికీ ఇచ్చారు. మా పక్కింటాయన కుక్కకి మొదటి కాలు ఇన్సూరెన్స్ లేనప్పుడు తెగింది. తర్వాత పరుగెత్తి పాలసీ తీసుకున్నాడు. రెండో కాలికి రూపాయి రాలేదు. "రెండు వైపులా ఉండే అవయవం, ఒక వైపు ముందే చెడితే రెండో వైపూ ముందే చెడినట్టు లెక్క" అని పాలసీలో రాసుంది. ఆ ముక్క ప్రతి పాలసీలోనూ వెతుక్కో.

ఒక్కటి మాత్రం నిజం. మొదట్లో నెలకి 52 కట్టేవాణ్ణి. బుజ్జికి తొమ్మిదేళ్లు వచ్చేసరికి 118 అయింది.

లెక్కలమాస్టారు
మావయ్య గారూ, మీ 4,400 ఎలా వచ్చిందో గమనించారా? 5,800లో ముందు 300 తీసేసి మిగతాదాంట్లో 80 శాతం ఇచ్చారు. కొన్ని కంపెనీలు ముందు 80 శాతం కట్టి అందులోంచి 300 కోస్తాయి. అప్పుడు 4,340. అరవై డాలర్లే కదా అంటారేమో. పావని గారి రెండో కోట్‌లో డిడక్టబుల్ 500, అక్కడ తేడా వంద. ఏ వరసలో కోస్తారో ఫోన్ చేసి అడగాలి.

ఇక అసలు సంగతి. నెలకి 71 అంటే ఏడాదికి 852. పదేళ్లకి 8,520, అదీ ప్రీమియం ఒక్క పైసా పెరగకపోతే. మావయ్య గారిది రెట్టింపు దాటింది. ఆ డబ్బు ప్రతి నెలా విడి ఖాతాలో వేసుకోండి. కుక్కకి ఏమీ కాకపోతే డబ్బు మీది. కంపెనీకి లాభం రాకుండా ఎవరూ ఇన్సూరెన్స్ అమ్మరు.

పెసరట్టు77
విడి ఖాతాలో డబ్బు పదేళ్లు కదలకుండా ఉంచే తెలుగువాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ఊళ్లో స్థలం రేటు పెరుగుతోందని ఫోనొస్తే మూడో నెలకే ఖాళీ.

ఆవకాయజాడీ
పావనీ, మీ ఆయనకి నా తరఫున చెప్పు. మా అమ్మకి సూపర్ వీసా (తల్లిదండ్రులు వచ్చి ఎక్కువకాలం ఉండే వీసా) కోసం లక్ష డాలర్ల మెడికల్ ఇన్సూరెన్స్ కొంటే తప్ప కాగితం కదల్లేదు. ఆవిడ తెనాలి నుంచి దిగిన మూడో రోజునే మా కుక్కని చూసి "దీనికీ ఉందిటే?" అంది. లేదన్నాను. "మరి దీనికెవరున్నారు" అంది. ఆ మాట గుచ్చుకుని పాలసీ తీసుకున్నా. పెద్దగా పరిశోధన ఏమీ చేయలేదు.

అమ్మ సొంత వైద్యం కూడా ఉంది. బయటికి వెళ్లేముందు అరికాళ్లకి కొబ్బరినూనె. అది గుమ్మం దాటకముందే మొత్తం నాకేస్తుంది. అమ్మ మళ్లీ రాస్తుంది. డబ్బా వారం రోజులు రావడం లేదు.

సూదిమందు
సస్కటూన్‌లో వెట్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నా. ఏ కంపెనీ మంచిదో చెప్పను. మా టేబుల్ మీదికి ఏం వస్తాయో, దేనికి డబ్బులొస్తాయో చెప్తాను.

చెవుల అంచులు, తోక చివర, అరికాళ్లు చలికి దెబ్బతినడం, ఒళ్లు చల్లబడిపోవడం, కారు ఇంజన్‌లో నీళ్లు గడ్డకట్టకుండా పోసే యాంటీఫ్రీజ్ తాగడం, మంచు కరిగించే ఉప్పు తినడం, వీటన్నిటినీ సాధారణంగా ప్రమాదం కిందే తీసుకుంటారు. చలి ఉంటుందని తెలియదా అని తోసేయరు. కానీ దాదాపు ప్రతి పాలసీలో యజమాని నిర్లక్ష్యం గురించి ఒక వాక్యం ఉంటుంది. రాత్రంతా బయట కట్టేసి క్లెయిమ్ పెడితే ఆ వాక్యం బయటికొస్తుంది.

చలి దెబ్బ మొదటి రోజే తెలియదు. చర్మం పాలిపోయి చల్లగా ఉంటుంది. నల్లబడటానికి రోజులు పడుతుంది. ఎప్పుడు బయటికి తీసుకెళ్లారో రాసిపెట్టుకోండి, క్లెయిమ్‌లో తేదీ అడుగుతారు. పనికొస్తుంది కదా అని చేత్తో రుద్దకండి, గోరువెచ్చటి నీళ్లు చాలు.

ఇప్పుడు 24 డాలర్ల పాలసీ సంగతి. మావయ్య గారి బుజ్జి మెట్టు మీద జారింది కాబట్టి అది ప్రమాదమే అని మనకనిపిస్తుంది. కుక్కల్లో ఆ లిగమెంట్ చాలావరకు లోపల్లోపల ఎప్పటినుంచో అరుగుతూ వచ్చి, ఒక రోజు చిన్న సాకుతో తెగిపోతుంది. అందుకే చాలా కంపెనీలు దాన్ని ప్రమాదంలో కలపవు. జబ్బులోనో, కీళ్ల విభాగంలోనో వేసి, వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ పెట్టడానికి ఆగాల్సిన గడువు) కూడా ఎక్కువ పెడతాయి. కొన్నిటిలో ఆరు నెలలు. ప్రమాదాల పాలసీ మాత్రమే తీసుకుని, మంచు మీద జారితే చూసుకుంటారులే అని ధైర్యంగా ఉండొద్దు.

పావని_ఎడ్మంటన్
అయ్యబాబోయ్. నేను 24దే తీసుకుందామని సగం తీర్మానించుకున్నాను.

కాల్గరీకృష్ణ
వెయిటింగ్ పీరియడ్ మాట వచ్చింది కాబట్టి నా పరువు నేనే తీసుకుంటా. మాకు ఇక్కడ చినూక్ గాలి ఉంది. పొద్దున మైనస్ 20, మధ్యాహ్నం ప్లస్ 6, కరిగి నీళ్లు కారతాయి, రాత్రికి ఆ నీళ్లే అద్దమవుతాయి. ఎడ్మంటన్ వాళ్లు చలి ఎక్కువని గొప్పలు పోతారు కానీ జారిపడేది మేము.

శుక్రవారం రాత్రి పాలసీ తీసుకున్నా. ఆదివారం పొద్దున మా రాకీ గేటు దగ్గర జారి ముందు కాలు విరగ్గొట్టుకున్నాడు. దెబ్బలకి ఐదు రోజుల వెయిటింగ్ అట. మావాడు జారింది రెండో రోజు. సున్నా. పైగా ఆ కాలు ఇక జీవితాంతం "ముందే ఉన్నది"లోకి పోయింది, అంటే ఇక దానికి ఎప్పుడూ డబ్బులివ్వరు.

గోదారోడు
శుక్రవారం లక్ష్మి ఇంటికొస్తే ఆదివారం పంపించేశావన్నమాట.

నార్త్‌సైడ్_నాని
ఎడ్మంటన్‌లో చలి ఎక్కువ అంటే గొప్ప కాదన్నా, బాధ. 2024 జనవరి 13 రాత్రి గుర్తుందా? కరెంటు చాలడం లేదు, అనవసరమైన లైట్లు ఆపేయండి అని ఆల్బర్టా అంతా ఒక్కసారిగా ఫోన్లు మోగాయి. ఆ మోతకి మా కుక్క మంచం కిందికి దూరి తెల్లారినా రాలేదు. హీటర్ ఆగితే దాన్ని ఎలా కాపాడాలా అని రెండు రజాయిలు, అది కాక మా ఆవిడ పట్టుచీరల బీరువాలోని పాత శాలువా...

పెసరట్టు77
శాలువా కప్పి సన్మానం చేశారన్నమాట.

మోడరేటర్
దారి తప్పుతోంది. పావని గారి పసుపు పుస్తకం ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

గోదారోడు
అందులో చెప్పడానికేముంది. పుస్తకం గుంటూరులోనే పోయిందనండి. టీకాల పేజీ ఒక్కటి ఫోటో తీసి పంపండి. గుంటూరు డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కుంటారా ఏమన్నా?

లెక్కలమాస్టారు
గోదారోడు గారూ, ఇది సలహా కాదు, గొయ్యి. అబద్ధం చెప్పి తీసుకున్న పాలసీ మీద పదేళ్లు ప్రీమియం కట్టాక, అసలైన క్లెయిమ్ రోజున పాలసీయే చెల్లదంటారు. నేను ఇన్సూరెన్స్ వద్దంటున్నవాణ్ణే. కానీ తీసుకుంటే మాత్రం పుస్తకం మొత్తం ఇచ్చే తీసుకోవాలి.

సూదిమందు
దాచినా దాగదు. ఇండియా నుంచి వచ్చిన కుక్క అనగానే చాలా క్లినిక్‌లలో ఫోర్‌డీఎక్స్ అనే రక్తపరీక్ష చేస్తారు. గుండెపురుగుతో పాటు ఎర్లీకియా, అంటే మన టిక్ ఫీవర్ కూడా అందులో తెలుస్తుంది. జబ్బు తగ్గిపోయినా యాంటీబాడీలు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉంటాయి. పరీక్ష పాజిటివ్ చూపిస్తుంది. పావని గారూ, మీవాడికి ఇక్కడికి రాగానే రక్తం తీశారా?

పావని_ఎడ్మంటన్
ఇప్పుడే మెయిల్ వెతికాను. అక్టోబర్‌లో తీశారు. ఎర్లీకియా దగ్గర పాజిటివ్ అని ఉంది. "ప్రస్తుతం లక్షణాలు లేవు, ప్లేట్‌లెట్లు మామూలుగా ఉన్నాయి, గమనిస్తూ ఉండాలి" అని కింద రాశారు. ఆ రోజు ఆవిడ చెప్పింది కూడా, నేను తలూపి వచ్చేశాను.

సూదిమందు
అయితే మీ పసుపు పుస్తకమే మీకు సాక్ష్యం. పాజిటివ్ ఒక్కటే ఉంటే, జబ్బు ఇప్పుడు ఉందా, ఎప్పటిది, వైద్యం జరిగిందా అనేది కంపెనీకి తెలియదు. పుస్తకంలో తేదీలు, మందు, 28 రోజుల కోర్సు పూర్తి చేయడం, తర్వాత ప్లేట్‌లెట్లు పెరగడం ఉన్నాయి కదా. నయమైన జబ్బు తర్వాత కొన్ని నెలలు లక్షణాలు లేకపోతే ముందే ఉన్నదిగా లెక్కించని కంపెనీలు కొన్ని ఉన్నాయి. కొన్నిటికి ఆరు నెలలు, కొన్నిటికి ఏడాది. అసలు ఒప్పుకోనివీ ఉన్నాయి. ఆ పేజీలు ఇంగ్లీషులో ఉన్నాయా?

పావని_ఎడ్మంటన్
ఇంగ్లీషే. కాకపోతే డాక్టరు గారి ఇంగ్లీషు.

పెసరట్టు77
ఆ చేతిరాత చదవాలంటే మందుల షాపు వాణ్ణి కూడా ఎడ్మంటన్ తీసుకురావాలి.

పిల్లితల్లి
చదువుతున్నాను కానీ రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నా. రాస్తా.

రెజైనాలో ఉంటాం. మా చిట్టి నల్లపిల్లి. ప్రమాదాల పాలసీ ఒక్కటే ఉండేది, పావని గారు తీసుకోబోయిందిలాంటిదే. నవంబర్‌లో గరాజ్‌లో కారు కింద ఏదో కారింది, మేం చూసుకోలేదు. యాంటీఫ్రీజ్ తియ్యగా ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి చిట్టి తూలుతూ నడుస్తోంది. తాగినవాడిలా ఉందని నవ్వుకుంటూ వీడియో తీసి మా చెల్లికి పంపాను. పదకొండుకల్లా మామూలుగా అయిపోయింది, హమ్మయ్య అని పడుకున్నాం. పొద్దున్నకి వాంతులు. మధ్యలో బాగైనట్టు కనిపించడమే ఆ విషం లక్షణమట. లోపల కిడ్నీలో స్ఫటికాలు కట్టేస్తాయి. విరుగుడు ఉంది, ఫోమెపిజోల్ అంటారు. పిల్లికైతే మూడు గంటల్లోపే పడాలి. కుక్కకైతే ఎనిమిది, పన్నెండు గంటల దాకా కొంత ఆశ ఉంటుంది. మేం వెళ్లేసరికి పన్నెండు గంటలు దాటింది.

విషం ప్రమాదం కిందికే వచ్చింది, ఆ గొడవ లేదు. కానీ ఒక్కో ఘటనకి 2,500 పరిమితి. మూడు రోజుల ఐసీయూకి 6,000 దాటింది. పైగా ఎమర్జెన్సీ వాళ్లు లోపలికి తీసుకునే ముందే డిపాజిట్ అడుగుతారు. కంపెనీ డబ్బు వచ్చేది తర్వాత, వారాలకి. ఆ పూట కావలసింది క్రెడిట్ కార్డు.

చిట్టి మిగల్లేదు.

పరిమితి ఏడాదికా, ఘటనకా అన్నది చూడండి. గరాజ్ నేల కూడా చూడండి.

ఆవకాయజాడీ
అయ్యో తల్లీ. ఆ వీడియో గురించి నిన్ను నువ్వు తిట్టుకోకు, ఎవరికి తెలుస్తుంది.

విన్నిపెగ్_మావయ్య
మా వీధిలో పిల్లులు ఇంజన్ వెచ్చదనానికి బానెట్ లోపలికి దూరతాయి. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు చరచండి. ఇది ఇన్సూరెన్స్ కాదు, అయినా చెప్తున్నా.

కాల్గరీకృష్ణ
పిల్లితల్లి గారు చెప్పిన డిపాజిట్ సంగతి ముఖ్యం. క్లినిక్‌కే నేరుగా కట్టే పద్ధతి కొన్నిటికి ఉంది. ట్రూపానియన్ వాళ్లది అలాంటిదే, మన వాటా మనం కట్టి వచ్చేయొచ్చు, కాకపోతే ఆ క్లినిక్ వాళ్ల పద్ధతిలో చేరి ఉండాలి. ఆ కంపెనీ 2000లో వాంకూవర్‌లో పుట్టింది, తర్వాత సియాటిల్ వెళ్లింది. డిడక్టబుల్ ఒక్కో జబ్బుకి జీవితంలో ఒక్కసారి. పావని గారి 96 కోట్ ఆ రకమే అనుకుంటా.

లెక్కలమాస్టారు
ఆ రెండు రకాల తేడా ఇదీ. మీ కుక్కకి అలర్జీ, షుగర్ లాంటి దీర్ఘకాలపు జబ్బు వచ్చిందనుకోండి. ఒక్కో జబ్బుకి 300 అయితే ఒక్కసారి కట్టి ఊరుకోవచ్చు. ఏడాది డిడక్టబుల్ అయితే ప్రతి ఏడూ 500 మళ్లీ మళ్లీ. అదే ఒకే చలికాలంలో కాలు జారి, ఉప్పు తిని, చెవి చలికి దెబ్బతిందనుకోండి, ఏడాది పద్ధతిలో 500 ఒక్కసారే. ఇంకోదాంట్లో మూడు మూడొందలు, 900. మీవాడు రోగిష్టివాడా, అల్లరివాడా అన్నదాన్ని బట్టి.

పావని_ఎడ్మంటన్
అల్లరివాడే. గుంటూరులో కోతితో తగువు పెట్టుకున్న చరిత్ర ఉంది.

బీచ్‌రోడ్_బాషా
విశాఖ నుంచి చదువుతున్నా. ఇక్కడా కుక్కలకి పాలసీలు అమ్ముతున్నారు, తీసుకున్నవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. మా డాక్టరు ఇంటికొచ్చి సూది వేసి 600 రూపాయలు తీసుకుంటాడు, టీ తాగి పోతాడు. 186 డాలర్లంటే పదకొండు వేల పైనే కదా. అరికాలికి పూత రాయడానికి!

సూదిమందు
మా జీతాలు అందులోంచే బాషా గారూ :)

అన్నట్టు మంచు కరిగించేవన్నీ ఒకటి కాదు. మామూలు ఉప్పు మైనస్ 18 దాటాక పెద్దగా పనిచేయదు. అందుకే మా ప్రాంతాల్లో కాల్షియం క్లోరైడ్ కూడా వాడతారు. దానికి తడి తగిలితే వేడి పుడుతుంది. పగిలిన అరికాల్లోకి దిగితే అసలు బాధ అదే. సింగడికి జరిగింది అదే అయ్యుంటుంది. ఇంటికి రాగానే కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో ముంచి వేళ్ల సందులు కూడా తుడవాలి. నాకనివ్వకూడదు, వాంతులవుతాయి. మీ మెట్ల మీద ఉప్పు బదులు ఇసుక చల్లండి. ఎడ్మంటన్‌లో సిటీ వాళ్లే ఉచితంగా పెడతారు కదా.

నార్త్‌సైడ్_నాని
అవును, కమ్యూనిటీ ఇసుక డబ్బాలుంటాయి. బకెట్ మనదే.

గోదారోడు
ఉచిత ఇసుక! మా ఊరి నాయకులకి చెప్పకండి, కెనడా వచ్చేస్తారు.

మినియాపొలిస్_రవి
మైనస్ 40 దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ ఒకటే కాబట్టి మాట్లాడే హక్కు నాకూ ఉంది. సరిహద్దుకి ఇటువైపు, అమెరికాలో, వాళ్లెవరైనా చదువుతుంటే: 2022లో ఎన్ఏఐసీ అనే బీమా కమిషనర్ల సంఘం పెంపుడు జంతువుల బీమాకి ఒక నమూనా చట్టం రాసింది. దాని ప్రకారం ప్రమాదాలకి వెయిటింగ్ పీరియడ్ పెట్టకూడదు, జబ్బు ముందే ఉందని రుజువు చేయాల్సింది కంపెనీయే. అన్ని రాష్ట్రాలూ తీసుకోలేదు, మీ రాష్ట్రం చూసుకోండి. ఆ చట్టం కాల్గరీలో ఉంటే కృష్ణ గారి రాకీకి డబ్బులొచ్చేవి.

మాస్టారి పక్షాన ఒక మాట. 2024లో నేషన్‌వైడ్ కంపెనీ దాదాపు లక్ష జంతువుల పాలసీలు కొనసాగించబోమని ప్రకటించింది. ఏళ్ల తరబడి కట్టినవాళ్లు, ముసలి కుక్కతో, అన్నీ "ముందే ఉన్న" జబ్బులతో ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కాలి. ఇన్సూరెన్స్ అంటే జీవితాంతం భరోసా అనుకోకండి, ఏడాదికోసారి కొత్త ఒప్పందం.

లెక్కలమాస్టారు
చూశారా.

విన్నిపెగ్_మావయ్య
మాస్టారూ, ఒకటి అడుగుతా. మీ పద్ధతిలో డిసెంబర్‌లో ఖాతా తెరిచి నెలకి 71 వేస్తే ఫిబ్రవరి చివరికి 213. ఫిబ్రవరిలో కాలు తెగితే 5,800 ఎక్కడినుంచి తేవాలి?

లెక్కలమాస్టారు
ముందే ఐదారు వేలు పక్కన ఉన్నవాళ్లకే నా పద్ధతి. లేనివాళ్లకి కాదని మొదటే రాయాల్సింది. రాయలేదు. లెక్కలో తప్పు లేదు, దత్తాంశంలో ఉంది.

ఆవకాయజాడీ
మాస్టారు తప్పు ఒప్పుకున్నారు, తేదీ రాసిపెట్టుకోండి.

పావనీ, టీకాలు, పళ్లు శుభ్రం చేయడం అన్నీ వస్తాయని ఇంకో 25 డాలర్ల ప్యాకేజీ అంటగడతారు. మేం తీసుకుని ఏడాదంతా కట్టిందీ వచ్చిందీ సమానం. ఒక పక్క నుంచి తీసి ఇంకో పక్క పెట్టినట్టు. వద్దు.

సూదిమందు
చివరిగా ఒకటి, తర్వాత నా షిఫ్ట్. పాలసీ తీసుకునేముందు కంపెనీ వాళ్లు రికార్డులు మొత్తం చదివి, ఏమేం ఇవ్వరో లిఖితంగా చెప్పమని అడగండి. చాలామంది పాలసీ ముందు ఇచ్చేస్తారు, రికార్డులు మొదటి క్లెయిమ్‌కే చదువుతారు. టేబుల్ మీద కుక్క, చేతిలో బిల్లు ఉన్నప్పుడు ఆ చదువు మొదలవుతుంది. ఇంకా, క్లినిక్‌లో నోటికొచ్చింది చెప్పకండి. "అప్పుడప్పుడూ కుంటుతుందేమో అనిపిస్తోంది" అని మాటవరసకి అంటే మేం రాసుకుంటాం. రెండేళ్ల తర్వాత లిగమెంట్ క్లెయిమ్ ఆ ఒక్క వాక్యం మీద ఆగిపోతుంది. అబద్ధం చెప్పమనడం లేదు. నిజంగా కుంటితే చెప్పండి, ఊహలు వద్దు.

పావని_ఎడ్మంటన్
పది రోజుల తర్వాత వచ్చాను, క్షమించండి.

ముగ్గురికీ ఫోన్ చేశాను. లిగమెంట్‌కి వెయిటింగ్ ఎంత, రెండు కాళ్ల నిబంధన ఉందా, పరిమితి దేనికి, డిడక్టబుల్ ఏ వరసలో కోస్తారు అని మీరంతా చెప్పినవి కాగితం మీద రాసుకుని అడిగాను. 24 వాళ్లు లిగమెంట్ అసలు ఉండదన్నారు, అంతే, ఫోన్ పెట్టేశాను. 96 వాళ్ల దగ్గర అంతా బాగుంది కానీ ఎర్లీకియాతో పాటు "రక్తానికి సంబంధించిన ఏ సమస్యా" ఇవ్వమన్నారు. 71 వాళ్లు పుస్తకం పేజీలు, అక్టోబర్ రిపోర్టు చూసి, ఎర్లీకియా ఒక్కటే మినహాయించి, ఏడాది లక్షణాలు లేకపోతే అది కూడా మళ్లీ పరిశీలిస్తామని మెయిల్‌లో రాసిచ్చారు. అదే తీసుకున్నాను. పుస్తకంలో ఒక మాట ఎవరికీ అర్థం కాలేదు, గుంటూరు డాక్టరు గారికి వాట్సాప్‌లో పంపితే ఆయన కూడా కాసేపు ఆలోచించి "చురుగ్గా ఉన్నాడు" అని రాశానమ్మా అన్నారు.

దెబ్బలకి వెయిటింగ్ ఇంకా మూడు రోజులుంది. కృష్ణ గారి రాకీ కథ మా ఆయనకి చదివి వినిపించాను. అప్పటినుంచి సింగడిని మెట్లు దిగనివ్వడం లేదు. రోజుకి నాలుగుసార్లు ఎత్తుకుని కిందికి దించి, పని అయ్యాక మళ్లీ ఎత్తుకొస్తున్నారు.

కాల్గరీకృష్ణ
మీ ఆయన నడుముకి ఇన్సూరెన్స్ ఉందా?

పావని_ఎడ్మంటన్
ఆల్బర్టా హెల్త్ కార్డు ఉంది.

పెసరట్టు77
ఆయన జారితే ఉచితం. ఆయన చేతిలోంచి సింగడు జారితే 5,800.